డాస్ యంత్రాలపై యూనిక్స్ పనిముట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో పాత కంప్యూటర్లను బాగుచేసి వాడుకునే తెలుగువాళ్ళం కొందరం ఆదివారాల్లో కలుసుకుంటూ ఉంటాం. రిచీ స్ట్రీట్‌లో తూకానికి పోయే సామానులోంచి 1980ల నాటి ఐబీఎం పీసీ రకాలైన ఎక్స్‌టీనో ఏటీనో ఏరి తెచ్చుకున్నవారు, దానికి ప్రాణం వచ్చిన మర్నాటి నుంచీ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే వరసలో ఉంటాయి. ఆ యంత్రాలను నడిపే వ్యవస్థ డాస్, యూనిక్స్ మరో వ్యవస్థ; యూనిక్స్‌లోని చిన్న ప్రోగ్రాములను డాస్ మీద వాడుకోవడం గురించే ఆ ప్రశ్నలు. (ఆ వీధికీ, యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన డెనిస్ రిచీకీ పేరు కలిసిందే తప్ప చుట్టరికం ఏమీ లేదు. అందరూ మొదట అడిగేది అదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.) 1980లలో మద్రాసులో ఒక తెలుగు మాసపత్రిక కార్యాలయంలో చందాదారుల జాబితా చూసే ఉద్యోగం చేశాను. ఈ జవాబుల్లో సగం అప్పుడు తిన్న దెబ్బల వల్ల తెలిసినవే. ఆదేశాలనూ ఫైళ్ళ పేర్లనూ పలికే తీరులో తెలుగు లిపిలోనే రాశాను. యంత్రం దగ్గర మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాలతో కొట్టాలి.

పనిముట్లను ఒక్కొక్కటిగా డాస్ మీదికి తెచ్చుకోవడం ఎందుకు? ఏకంగా యూనిక్స్‌నే ఎక్కించుకోకూడదా?

ఎక్కించుకోవచ్చు, ఎక్కించుకున్నవారూ ఉన్నారు. మైక్రోప్రాసెసర్ యంత్రాల కోసం జెనిక్స్ పేరుతో యూనిక్స్‌ను తెస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ 1980లోనే ప్రకటించింది. ఐబీఎం పీసీ ఎక్స్‌టీ కోసం 1984లో పీసీ/ఐఎక్స్ వచ్చింది. 1987లో, విద్యార్థులకు పాఠం చెప్పడానికని ఆండ్రూ టానెన్‌బామ్ రాసిన మినిక్స్ వచ్చింది. అయితే ఆఫీసులో అందరికీ కావలసిన వర్డ్‌స్టార్ (రాతపనికి), లోటస్ (లెక్కల పట్టికలకు), డీబేస్ (జాబితాలకు) డాస్ మీద ఉండేవి. యజమాని యంత్రాన్ని కొన్నదే వాటి కోసం. సాయంత్రం ఆరు దాటాక మనకు నచ్చిన వ్యవస్థను ఎక్కించుకుని, పొద్దున్న గుమస్తాలు వచ్చేలోపు తీసేయడం జరిగే పని కాదు. పైగా ఎక్స్‌టీలో ఉండే 8088 ప్రాసెసర్‌లో, ఒక ప్రోగ్రాము వాడుకుంటున్న మెమరీలోకి మరొకటి చొరబడకుండా అడ్డుకునే ఏర్పాటు లేదు కాబట్టి, దాని మీద నడిచే యూనిక్స్ ఎప్పుడూ కాస్త గాజుబొమ్మ లాంటిదే.

అందువల్ల గ్రెప్ (మాటను వెతికేది), సెడ్ (రాతను మార్చేది), ఆక్ (గడులున్న వరసలతో పనిచేసేది), సార్ట్ (వరసలను పేర్చేది), యునిక్ (పక్కపక్కన ఒకేలా ఉన్న వరసలను ఒకటి చేసేది) వంటి చిన్న ప్రోగ్రాములను మాత్రం డాస్ కోసం తిరిగి కంపైల్ చేసి (అంటే మూలరాత నుంచి యంత్రం నడపగల రూపానికి మార్చి), ఒక ఫ్లాపీలో వేసుకుని వాడుకోవడం అలవాటైంది. కింద కనిపించే తిప్పలు దాదాపు అన్నిటికీ మూలం ఒకటే: పనిముట్టు వచ్చింది కానీ, దాని అడుగున ఉండాల్సిన నేల రాలేదు. యూనిక్స్‌లో సగం పని షెల్ (మనం కొట్టే ఆదేశాలను అందుకునే ప్రోగ్రాము) చేస్తుంది, పావువంతు కెర్నెల్ (వ్యవస్థ గుండెకాయ) చేస్తుంది, మిగిలింది మాత్రమే పనిముట్టు చేస్తుంది. డాస్ మీద ఏది పనిచేయకపోయినా, ఆ పనిని యూనిక్స్‌లో ఈ ముగ్గురిలో ఎవరు చేసేవారో ముందు ఆలోచించుకుంటే జవాబు దగ్గరపడుతుంది.

ఒక ప్రోగ్రాము ఫలితాన్ని మరొకదానికి అందించే పైపు (|) డాస్‌లోనూ ఉంది కదా, రెండూ ఒకటి కాదా?

గుర్తు ఒకటే, లోపల జరిగేది వేరు. యూనిక్స్‌లో పైపు 1973లో, బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెక్‌ఇల్‌రాయ్ పట్టుబట్టగా, యూనిక్స్ సృష్టికర్తల్లో మరొకరైన కెన్ థాంప్సన్ చేతి మీదుగా వచ్చింది. అక్కడ పైపుకు అటూ ఇటూ ఉన్న ప్రోగ్రాములు రెండూ ఒకేసారి నడుస్తూ ఉంటాయి. మొదటిది రాసింది రాసినట్టు రెండోది చదువుకుంటూ పోతుంది. డాస్ మొదటి సంచికలో పైపు మాట అటుంచి డైరెక్టరీలే లేవు. 1983 మార్చిలో, 10 మెగాబైట్ల హార్డ్‌డిస్కు ఉన్న ఎక్స్‌టీతో పాటు వచ్చిన డాస్ 2.0లో, డైరెక్టరీల చెట్టు, ఫలితాన్ని ఫైల్లోకో ఫైలును ప్రోగ్రాములోకో దారి మళ్ళించే > < గుర్తులు, పైపు, దానితో వాడుకోవడానికి సార్ట్, ఫైండ్, మోర్ అనే మూడు వడపోత ప్రోగ్రాములు ఒక్కసారిగా చేరాయి. ఇవన్నీ యూనిక్స్ నుంచి తెచ్చుకున్న ఆలోచనలే.

కానీ డాస్ ఒకసారికి ఒక ప్రోగ్రామునే నడపగలదు. అందుకని డాస్ షెల్ అయిన కమాండ్.కామ్ ఒక ఉపాయం పన్నింది. మొదటి ప్రోగ్రామును చివరిదాకా నడిపి, అది వెలువరించినదంతా డిస్కు మీద ఒక తాత్కాలిక ఫైల్లో దాచి, ఆ తరవాత రెండో ప్రోగ్రామును మొదలుపెట్టి ఆ ఫైలును దానికి అందిస్తుంది. కాలువ కట్టినట్టు కనిపిస్తుంది కానీ, నిజానికి బిందెతో మోసి పోస్తున్నారు. యూనిక్స్‌లో పెద్ద ఫైలు నుంచి మొదటి పది వరసలే కావాలని అడిగితే, అవి అందగానే వెనక ఉన్న ప్రోగ్రాము కూడా ఆగిపోతుంది. డాస్‌లో మొత్తం ఫైలు నడిచి ముగిసేదాకా మనం తెర వంక చూస్తూ కూర్చోవాలి.

పైపు వాడగానే "ఇంటర్మీడియట్ ఫైల్ ఎర్రర్ డ్యూరింగ్ పైప్" అంటోంది. ఎందుకు?

పైన చెప్పిన బిందె పెట్టడానికి చోటు దొరకలేదని దాని అర్థం. పాత సంచికల్లో తాత్కాలిక ఫైళ్ళు, మనం ఆ సమయాన ఉన్న డ్రైవు రూట్ డైరెక్టరీలో పుడతాయి. ఫ్లాపీకి రైట్ ప్రొటెక్ట్ స్టిక్కరు అంటించి ఉన్నా, డిస్కు నిండిపోయినా పైపు అక్కడితో ఆగిపోతుంది. డాస్ 5 నుంచి టెంప్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో రాసిన చోటును వాడుకుంటుంది కాబట్టి కొంత ఊరట.

చోటు ఎంత కావాలో ఒకసారి లెక్క వేసి చూడండి. 360 కిలోబైట్ల ఫ్లాపీని ఫార్మాట్ చేశాక మన చేతికి వచ్చేది 362496 బైట్లు. అందులో 150 కిలోబైట్ల జాబితా ఉందనుకుందాం. దాన్ని క్యాట్‌తో (ఫైలును ఉన్నదున్నట్టు వెలువరించేది) చదివి, సార్ట్‌కు ఇచ్చి, అక్కడి నుంచి యునిక్‌కు ఇచ్చారు. సార్ట్ తన ఫలితం రాస్తున్న క్షణంలో డిస్కు మీద అసలు జాబితా ఒకటి, క్యాట్ వదిలిన నకలు ఒకటి, సార్ట్ రాస్తున్న నకలు ఒకటి, వెరసి 450 కిలోబైట్లు ఉండాలి. పట్టవు. క్యాట్ అనవసరమని ఇక్కడ తెలిసొస్తుంది: సార్ట్‌కు ఫైలు పేరు నేరుగా ఇస్తే ఒక నకలు తగ్గి, 300 కిలోబైట్లతో పని అయిపోతుంది. యూనిక్స్‌లో ఊరికే క్యాట్ వాడటం సోమరితనం అనిపించుకుంటే, ఇక్కడ అది డిస్కుకే ఎసరు పెడుతుంది.

మెమరీ మిగిలి ఉంటే ర్యామ్‌డిస్కు (మెమరీలో కొంత భాగాన్నే డిస్కులా వాడుకోవడం) పెట్టుకోవడం మంచి మార్గం. పీసీ డాస్ 3.0 నుంచి వీడిస్క్.సిస్, ఎంఎస్ డాస్ 3.2 నుంచి ర్యామ్‌డ్రైవ్.సిస్ ఉన్నాయి. యంత్రం తెరుచుకునేటప్పుడు డాస్ చదివే కాన్ఫిగ్.సిస్‌లో ఒక వరస చేర్చి, పైపు నడిపే ముందు ఆ డ్రైవులోకి వెళ్తే చాలు. ఫ్లాపీ మోటారు గరగరలు ఆగిపోయి, పని చటుక్కున ముగియడం చూస్తే, మొదటిసారి ఎవరికైనా నవ్వొస్తుంది. కరెంటు పోతే అందులో ఉన్నది ఉన్నట్టు పోతుంది కాబట్టి, చెన్నై ఎండాకాలంలో ఫలితాన్ని మాత్రం ఫ్లాపీ మీదికే పంపండి.

టెయిల్ -ఎఫ్ (పెరుగుతున్న ఫైలు చివరను చూపేది), ఆదేశం చివర & పెట్టి వెనకాల నడపడం, పీఎస్ (నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా), కిల్ (వాటిని ఆపడం) ఎలా వాడాలి?

వాడలేరు. ఒక్క ప్రోగ్రామే నడిచే చోట, పెరుగుతున్న ఫైలును చూస్తూ కూర్చుంటే ఆ ఫైలును పెంచేవారెవరూ ఉండరు.

"గ్రెప్ విజయవాడ *.టీఎక్స్‌టీ" అంటే అటువంటి ఫైలే లేదంటోంది. డిర్ కొడితే ఫైళ్ళన్నీ కనిపిస్తున్నాయి.

యూనిక్స్‌లో * అనే గుర్తును (ఏ పేరైనా సరే అని అర్థం) గ్రెప్ ఎన్నడూ చూడదు. షెల్ దాన్ని ముందే విప్పి, సరిపోలిన ఫైళ్ళ పేర్లన్నిటినీ పేర్చి గ్రెప్ చేతిలో పెడుతుంది. కమాండ్.కామ్ ఆ పని చేయదు. మనం కొట్టింది కొట్టినట్టు ప్రోగ్రాముకు అందించి చేతులు దులుపుకుంటుంది. డిర్, కాపీ, డెల్ వంటివి ఆ గుర్తును తమంతట తామే విప్పుకుంటాయి కాబట్టి పనిచేస్తాయి. కేవలం యూనిక్స్ మూలం నుంచి కంపైల్ చేసిన గ్రెప్, "*.టీఎక్స్‌టీ" అనే పేరుతోనే ఒక ఫైలు ఉందేమోనని వెతికి, లేదని చెబుతుంది. అది చెప్పేది నిజమే.

దీనికి మూడు దార్లున్నాయి. మూలం మీ దగ్గర ఉంటే, సీ కంపైలర్లయిన టర్బో సీలో వైల్డ్‌ఆర్గ్స్.ఓబీజేను, మైక్రోసాఫ్ట్ సీలో సెట్ఆర్గ్‌వీ.ఓబీజేను కలిపి లింక్ చేయండి. అప్పుడు ప్రోగ్రామే మొదలవుతూనే గుర్తులను విప్పుకుంటుంది. మూలం లేకపోతే కమాండ్.కామ్‌లోని ఫర్ ఆదేశంతో ఒక్కో ఫైలుకూ ఒకసారి గ్రెప్‌ను నడపవచ్చు. ఫ్లాపీ మీద ఇది చాలా నెమ్మది, ఎందుకంటే ప్రతి ఫైలుకూ గ్రెప్‌ను డిస్కు నుంచి మళ్ళీ చదవాల్సి వస్తుంది. మూడోది, గుర్తులను విప్పగల షెల్‌ను తెచ్చుకోవడం. దాని సంగతి కింద ఉంది.

షెల్ విప్పినా ఒక చిక్కు మిగిలే ఉంటుంది. ప్రోగ్రాముకు ఆదేశపు వరసను అందించడానికి డాస్ కేటాయించిన చోటు మొత్తం 128 బైట్లు. ఎనిమిది అక్షరాల పేరు, చుక్క, మూడక్షరాల తోక, ఒక ఖాళీ కలిపి ఫైలుకు పదమూడు బైట్లనుకుంటే, పది పేర్లు దాటకుండానే అది నిండిపోతుంది. ప్రోగ్రామే లోపల విప్పుకునే పద్ధతిలో ఈ బాధ లేదు కాబట్టి, నా ఓటు మొదటి దారికే.

యూనిక్స్ పుస్తకంలో ఉన్న ఆక్ ఆదేశాన్ని అక్షరం పొల్లుపోకుండా కొట్టినా తప్పు చూపిస్తోంది.

ఒంటి కొటేషన్ గుర్తులు వాడి ఉంటారు. కమాండ్.కామ్‌కు వాటి అర్థం తెలియదు. మధ్యలో > గాని | గాని కనిపిస్తే అది మీ ప్రోగ్రాములోదని గ్రహించకుండా ఫలితాన్ని ఎటో మళ్ళిస్తుంది. "ఆరో గడి 100 కంటే ఎక్కువ" అని ఆక్‌లో రాయబోయి, 100 అనే పేరుతో ఫైళ్ళు సృష్టించుకున్నవారు మా బృందంలోనే ముగ్గురున్నారు. ఆక్ ప్రోగ్రామును విడిగా ఒక ఫైల్లో రాసి, -ఎఫ్ స్విచ్‌తో (ఆదేశం తీరును మార్చే గుర్తు) ఆ ఫైలు పేరు ఇవ్వండి. ఆదేశాలను వరసగా దాచిపెట్టే బ్యాచ్ ఫైల్లో రాసేవారికి మరో మాట: % గుర్తును బ్యాచ్ ఫైలు తన కోసమే అనుకుని మింగేస్తుంది, అందుకని ఒకటి కావలసిన చోట రెండు పెట్టాలి.

రెండు ఫైళ్ళను డిఫ్‌తో పోల్చితే ప్రతి వరసా వేరుగా ఉందంటోంది. కళ్ళకు రెండు ఫైళ్ళూ ఒకేలా ఉన్నాయి.

వరస చివరి గుర్తులే తేడా. యూనిక్స్‌లో ప్రతి వరస చివరా 10 అనే ఒక్క బైటు ఉంటుంది. డాస్‌లో 13, 10 అనే రెండు బైట్లుంటాయి. టైపు మిషను మీద క్యారేజీని మొదటికి లాగి, ఆ తరవాత కాగితాన్ని ఒక వరస పైకి జరిపినట్టు. డాస్ కోసం జాగ్రత్తగా కంపైల్ చేసిన పనిముట్లు చదివేటప్పుడు 13ను తీసేసి, రాసేటప్పుడు చేరుస్తాయి. నిర్లక్ష్యంగా తెచ్చినవి చేయవు. రెండు రకాలూ ఒకే డైరెక్టరీలో ఉంటే గందరగోళం ఖాయం. వరస చివర "రావు" ఉన్నవాటిని వెతకమని $ గుర్తుతో గ్రెప్‌ను అడిగితే ఒక్కటీ దొరకకపోవడం, వరసలనూ బైట్లనూ లెక్కపెట్టే డబ్ల్యూసీ చెప్పిన బైట్ల లెక్క డిర్ చూపిన లెక్క కంటే సరిగ్గా వరసల సంఖ్య అంత తక్కువ రావడం, ఈ రెండూ దీని లక్షణాలే.

దీనికి తోడు 26 అనే బైటు ఉంది, కంట్రోల్-జెడ్. డాస్ కంటే ముందటి సీపీ/ఎం వ్యవస్థ ఫైలు పొడవును 128 బైట్ల కట్టల్లోనే లెక్కపెట్టేది. చివరి కట్టలో అసలు రాత ఎక్కడ ముగిసిందో చెప్పడానికి 26 పెట్టేవారు. డాస్ ఫైలు పొడవును బైట్లతో సహా రాసుకుంటుంది కాబట్టి ఆ అవసరం పోయింది, అలవాటు మాత్రం పోలేదు. అందుకే ఒక ప్రోగ్రాము ఫైలునో బొమ్మనో టెక్స్ట్ పద్ధతిలో చదివే క్యాట్ గుండా పంపితే, ఎక్కడ 26 తగిలితే అక్కడ అది తెగిపోతుంది. రెండు ఫైళ్ళను అతకడానికి డాస్ కాపీ ఆదేశాన్ని వాడినా ఇంతే. /బీ స్విచ్ పెడితేనే మొత్తం వస్తుంది.

ఇంకో విచిత్రం వర్డ్‌స్టార్ వాడేవారికి ఎదురవుతుంది. డాక్యుమెంట్ పద్ధతిలో రాసిన ఫైల్లో చాలా మాటల చివరి అక్షరానికి అది ఎనిమిదో బిట్టును వెలిగిస్తుంది. తెర మీద మాట చక్కగా ఉంటుంది, గ్రెప్‌కు మాత్రం దొరకదు, ఎందుకంటే చివరి అక్షరం ఇప్పుడు వేరే బైటు. నాన్-డాక్యుమెంట్ పద్ధతిలో రాయండి, లేదా అక్షరాలను మార్చే టీఆర్‌తో ఆ పై బిట్టును కొట్టేసి వెతకండి.

డైరెక్టరీ పేర్ల మధ్య / బదులు \ ఎందుకు?

డాస్ మొదటి సంచికలో డైరెక్టరీలు లేనందువల్ల, / గుర్తును అప్పటికే స్విచ్‌ల కోసం వాడేసుకున్నారు. డైరెక్టరీలు వచ్చేసరికి ఆ చోటు ఖాళీ లేదు. డాస్ 2లో కాన్ఫిగ్.సిస్‌లో స్విచ్‌చార్ అనే వరస చేర్చి, స్విచ్‌కు - గుర్తును పెట్టుకుంటే, యూనిక్స్ తరహాలో / వాడుకునే వీలుండేది. తరవాత ఆ వరసను తీసేశారు. తమాషా ఏమిటంటే, డాస్ లోపలి భాగం ఇప్పటికీ ఫైలు పేర్లలో / ను అంగీకరిస్తుంది, అభ్యంతరమంతా కమాండ్.కామ్‌కే. అందువల్ల పనిముట్ల లోపల, ఆక్ ప్రోగ్రాముల్లో, సీ మూలాల్లో / రాయడమే క్షేమం. \ రాస్తే, దాని తరవాత ఎన్ అక్షరం వచ్చిన చోటల్లా సీ కంపైలరు దాన్ని కొత్త వరస అనుకుంటుంది.

ఫైండ్, సార్ట్ అని కొడితే ఏది నడుస్తుంది?

మీరున్న డైరెక్టరీలో ఆ పేరుతో ప్రోగ్రాము లేకపోతే, పాత్‌లో (ప్రోగ్రాముల కోసం డాస్ వెతికే డైరెక్టరీల జాబితా) ఏ డైరెక్టరీ ముందుంటే అందులోది నడుస్తుంది. ఈ రెండు పేర్లూ అటూ ఇటూ ఉన్నాయి, కానీ పనులు వేరు. యూనిక్స్ ఫైండ్ డైరెక్టరీల్లో దిగి ఫైళ్ళను వెతుకుతుంది. డాస్ ఫైండ్ ఫైలు లోపల మాటను వెతుకుతుంది, అంటే అది గ్రెప్‌కు బీద బంధువు. డాస్ సార్ట్ మొత్తం ఫైలును మెమరీలో పెట్టుకుని పేరుస్తుంది కాబట్టి 64 కిలోబైట్లకు లోపలి ఫైళ్ళకే పనికొస్తుంది. డాస్ 3 నుంచి అది పెద్దబడి, చిన్నబడి అక్షరాలను ఒకటిగా చూస్తుంది. యూనిక్స్ సార్ట్ పెద్దబడి అక్షరాలన్నిటినీ ముందు పెడుతుంది. ఒకదానితో పేర్చిన జాబితాను మరొకదానితో పేర్చినదానితో కలపబోతే వరస తప్పుతుంది. నేను యూనిక్స్ రూపాలకు యూఫైండ్, యూసార్ట్ అని పేర్లు మార్చుకున్నాను. బ్యాచ్ ఫైళ్ళు రాసేటప్పుడు ఇదే సుఖం.

ఇవి నిజంగా ఆఫీసు పనికి పనికొచ్చాయా, లేక సరదాయేనా?

నా అనుభవం చెబుతాను. మాసపత్రికను పోస్టులో వేయాలంటే ప్రతులను పిన్‌కోడు ప్రకారం కట్టలు కట్టాలి. పిన్‌కోడులో మొదటి మూడంకెలు తపాలా సార్టింగ్ జిల్లాను సూచిస్తాయి. 600 అయితే మద్రాసు, 520 అయితే విజయవాడ. అంతకుముందు ఇద్దరు కుర్రాళ్ళు నేల మీద కూర్చుని, చిరునామా చీటీలను ఒకటిన్నర రోజు పాటు కుప్పలు పోసేవారు. నేను డీబేస్ నుంచి జాబితాను మామూలు టెక్స్ట్ ఫైలుగా దింపి, ప్రతి వరసా పిన్‌కోడుతో మొదలయ్యేలా అమర్చి, ఈ ఒక్క వరస కొట్టాను:

కట్ -సీ1-3 చందా.టీఎక్స్‌టీ | యూసార్ట్ | యునిక్ -సీ

కట్ మొదటి మూడంకెలను మాత్రం కోసింది, సార్ట్ ఒకే అంకెలను ఒకచోట చేర్చింది, యునిక్ ఎన్నెన్ని ఉన్నాయో లెక్కపెట్టింది. ఏ కట్టలో ఎన్ని ప్రతులుండాలో కాగితం మీద అచ్చయి వచ్చేసరికి టీ చల్లారలేదు. యునిక్ పక్కపక్కన ఉన్న వరసలనే పోలుస్తుంది కాబట్టి, మధ్యలో సార్ట్ లేకపోతే లెక్క తప్పుతుందన్నది మరవకండి.

మరుసటి నెల దీపావళి సంచిక. జాబితా మొత్తాన్ని పిన్‌కోడు వరసలో ఉంచేద్దామని ఇలా కొట్టాను:

సార్ట్ < చందా.టీఎక్స్‌టీ > చందా.టీఎక్స్‌టీ

డిర్ చేస్తే ఫైలు పొడవు సున్నా. > గుర్తు కనిపించగానే కమాండ్.కామ్ ఆ పేరు గల ఫైలును ఖాళీ చేసి తెరుస్తుంది, ఆ తరవాతే సార్ట్ మొదలవుతుంది. అప్పటికి చదవడానికి ఏమీ మిగలదు. యూనిక్స్‌లోనూ ఇదే జరుగుతుంది, కాబట్టి ఈ పాపం డాస్‌ది కాదు, నాదే. డీబేస్ ఫైలు ఉంది కానీ, దాని నుంచి దింపాక చేసిన రెండు వారాల దిద్దుబాట్లు టెక్స్ట్ ఫైల్లోనే ఉండిపోయాయి. మనియార్డరు కూపన్లను అట్టపెట్టెలోంచి తీసి, ఆ పేర్లన్నీ రాత్రి పదకొండు దాకా మళ్ళీ కొట్టాను. ఫలితాన్ని వేరే పేరుతో రాసి, కళ్ళారా చూసుకుని, ఆ తరవాత పేరు మార్చండి.

బ్యాచ్ ఫైల్లో గ్రెప్ ఫలితాన్ని ఎలా పరీక్షించాలి?

మాట దొరికితే గ్రెప్ 0, దొరకకపోతే 1, తప్పు జరిగితే 2 అందిస్తుంది. "ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 1" అంటే ఒకటికి సమానం అని కాదు, ఒకటి గాని అంతకంటే ఎక్కువ గాని అని అర్థం. అందుకని ముందు 2ను, తరవాత 1ను పరీక్షించాలి.

మారిన మూలాలను మాత్రమే కంపైల్ చేయించే మేక్‌ను నడిపితే, ఇప్పుడే మార్చిన ఫైలును కూడా కంపైల్ చేయడం లేదు.

మీ ఎక్స్‌టీలో గడియారం లేదు. మొదటి పీసీ, ఎక్స్‌టీ రెండిటిలోనూ బ్యాటరీ మీద నడిచే గడియారం ఉండదు. అది 1984లో వచ్చిన ఏటీతో మొదలైంది. యంత్రం తెరుచుకునేటప్పుడు తేదీ అడిగితే విసుగుతో ఎంటర్ కొట్టేస్తాం, అది 1980 జనవరి 1 అనుకుంటుంది. నిన్న తేదీ సరిగ్గా ఇచ్చి కంపైల్ చేసిన ఓబీజే ఫైలు ముందు, ఇవాళ దిద్దిన మూలం ఎన్నో ఏళ్ళు పాతదిగా కనిపిస్తుంది. మేక్ చూసేది తేదీలనే కాబట్టి, చేయడానికి పనేమీ లేదని కూర్చుంటుంది. తేదీ, సమయం ఇచ్చి, ఫైలు తేదీని ఇప్పటికి మార్చే టచ్‌తో మూలాలన్నిటినీ ఒకసారి తాకించండి. ఏటీలో ఇదే జరిగితే బ్యాటరీ అయిపోయినట్టు. కారి బోర్డును తినేయకముందే దాన్ని పీకేయండి. ఇంకో చిన్న సంగతి, డాస్ ఫైళ్ళ సమయాన్ని రెండు సెకన్ల మెట్లలో రాసుకుంటుంది.

తెలుగు రాత ఉన్న ఫైళ్ళ మీద ఇవి పనిచేస్తాయా?

తెలుగును ఏ రూపంలో దాచారన్న దాన్ని బట్టి ఉంటుంది. భారతీయ లిపులను చూపే జిస్ట్ కార్డు ఉన్న యంత్రాల్లో రాసినవి ఇస్కీ సంకేతాల్లో ఉంటాయి. 1991లో ఐఎస్ 13194 పేరుతో ప్రమాణమైన ఈ పద్ధతిలో, ఇంగ్లీషు అక్షరాలు తమ చోట తాము ఉండగా, భారతీయ లిపుల అక్షరాలు 160 పైనున్న బైట్లలో ఉంటాయి. అంటే ఎనిమిదో బిట్టు లేకపోతే తెలుగు లేదు. పాత యూనిక్స్ పనిముట్లలో కొన్ని ఆ బిట్టును తమ సొంత గుర్తుల కోసం వాడుకునేవి. యూనిక్స్‌లోని అసలు బోర్న్ షెల్ కొటేషన్‌లో ఉన్న అక్షరాలను గుర్తుపెట్టుకున్నది దానితోనే. అటువంటి పనిముట్టు గుండా పోయిన తెలుగు ఫైలు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలుగా తేలుతుంది. వర్డ్‌స్టార్ ఫైళ్ళకు పైన చెప్పిన టీఆర్ చిట్కాను తెలుగు ఫైలు మీద ప్రయోగించినా ఫలితం ఇదే, కాబట్టి జాగ్రత్త. కొత్త పనిముట్టు దొరికితే, ముందు నాలుగు తెలుగు వరసలున్న ఫైలును దాని గుండా పంపి, డాస్‌లోని కాంప్‌తో అసలుతో పోల్చి చూడండి.

రైస్ విశ్వవిద్యాలయం పేరుతో ఆర్‌టీఎస్ అని పిలిచే లిప్యంతరీకరణలో రాసిన తెలుగుకు ఈ బాధ లేదు. అదంతా మామూలు ఇంగ్లీషు అక్షరాలే కాబట్టి గ్రెప్, సెడ్ హాయిగా నడుస్తాయి. కానీ అందులో పెద్దబడి ఎన్, చిన్నబడి ఎన్ వేరు వేరు తెలుగు అక్షరాలు. గ్రెప్‌కు -ఐ స్విచ్ ఇస్తే "మన", "మణ" ఒకటైపోతాయి; అక్షరాల బడి పట్టించుకోని డాస్ సార్ట్ కూడా ఇందుకు పనికిరాదు.

ఏ మూట తెచ్చుకోవాలి?

8088, 286 యంత్రాలకు ఎంకేఎస్ టూల్‌కిట్ దొరికితే అదే మేలు. కెనడాలోని వాటర్లూకు చెందిన మోర్టిస్ కెర్న్ సిస్టమ్స్ 1980లలో అమ్మిన ఈ మూటలో కోర్న్ షెల్, వీఐ (రాత దిద్దుకునేది), ఆక్ అన్నీ ఒకదానికొకటి తెలిసినట్టు పనిచేస్తాయి. * విప్పే పని షెల్ చూసుకుంటుంది, 128 బైట్ల ఇరుకు కూడా వాటి మధ్య ఉండదు. ఒక్క షెల్ చాలనుకుంటే 1989లో వచ్చిన 4డాస్ ఉంది, అయితే అది యూనిక్స్ పోలిక కాదు, బాగుపడిన కమాండ్.కామ్. 386, ఆపైన అయితే డీజే డెలోరీ 1989లో మొదలుపెట్టిన డీజేజీపీపీ అనే సీ కంపైలరు మూటను తెచ్చుకోండి. గ్నూ పనిముట్లు (యూనిక్స్ పనిముట్లకు స్వేచ్ఛా రూపాలు) దానితో డాస్ ప్రోగ్రాములకుండే 640 కిలోబైట్ల మెమరీ గోడ దాటి నడుస్తాయి. 286లో అది కదలనే కదలదు, అందుకని ప్రయత్నించి నిరాశపడవద్దు.

పాత యంత్రం లేకుండా వీటిని చూడవచ్చా?

1994లో మొదలైన ఫ్రీడాస్‌ను వర్చువల్ యంత్రంలో పెట్టుకుంటే చాలు. డాస్‌బాక్స్ ఆటల కోసం చేసింది. దాని మామూలు రూపంలో షెల్‌కు పైపు రాదు, కాబట్టి అందులో పైపు పనిచేయలేదని పనిముట్టును తిట్టకండి.

రిచీ స్ట్రీట్‌లో పనిముట్లున్న పాత ఫ్లాపీలు దొరికాయి. వెంటనే డ్రైవులో పెట్టవచ్చా?

పెట్టవద్దు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో ఇరవై ముప్పై ఏళ్ళు అట్టపెట్టెలో ఉన్న ఫ్లాపీకి బూజు పట్టి ఉండడం మామూలే. కవరు కిటికీలోంచి చూస్తూ డిస్కును వేలితో నెమ్మదిగా తిప్పండి. బూడిదరంగు మచ్చలు గాని, పూతలో గుండ్రని గీతలు గాని కనిపిస్తే పక్కన పెట్టండి. అలాంటి ఒక్క డిస్కు డ్రైవు హెడ్‌కు మసి పూస్తే, ఆ తరవాత పెట్టిన మంచి డిస్కులన్నిటినీ ఆ హెడ్ గీకుతుంది. శుభ్రంగా ఉన్నవాటికి ముందు రైట్ ప్రొటెక్ట్ స్టిక్కరు అంటించి, మొత్తం డిస్కును ఒక ఇమేజ్ ఫైలుగా తీసుకుని, అటుపైన ఆ నకలుతోనే పని చేయండి. ప్రతి అయిదారు డిస్కులకూ ఒకసారి, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదిపుల్లతో హెడ్‌ను తుడవండి. పుల్ల గోధుమరంగుకు తిరిగితే అప్పటికప్పుడే ఆపి, చివరగా పెట్టిన డిస్కు ఏదో చూసుకోండి.